రోగం పేరు చివర రాయండి

తవ్వకాల్లో దొరికిన మనుషుల ఎముకలు చూసి రోగాలు పట్టడం నేర్పే కోర్సు మాది, ఇంగ్లండ్‌లో. పోయిన మంగళవారం మా ల్యాబ్‌లో ఒక తమ్ముడు, ఇండియా నుంచి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు, ట్రేలోంచి వెన్నుపూస తీసి చూడగానే "టీబీ" అనేశాడు. ఫారం మీద రాసేశాడు కూడా, పెన్నుతో. నాకు నవ్వు రాలేదు. మూడేళ్ల కిందట అదే బల్ల దగ్గర నేను చేసింది ఇంతకంటే అధ్వానం.

కొత్తగా ఈ కోర్సుకు వచ్చినవాళ్లకు ఇది రాస్తున్నా. బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, సోనామసూరి ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. తవ్వకానికి నాలుగంగుళాల తాపీ, వేళ్ల దగ్గర ఇనుప తొడుగున్న బూట్లు కొనుక్కోండి. అక్టోబరులో ఉత్తర ఇంగ్లండ్ బురద మన నల్లరేగడికి తోబుట్టువే. ఎముకల ఫోటోలు తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అవి ఒక మనిషివి. ఇక అసలు విషయానికి వస్తా.

నేను బీడీఎస్ చేసి వచ్చాను. కాలేజీలో మేం పట్టుకున్న ఎముకలు నున్నగా, ఎక్కడా ముక్క పోకుండా ఉండేవి. ఇక్కడ మొదటి నెలలోనే నాకు మధ్యయుగపు పుర్రె ఒకటి ఇచ్చారు. ముక్కు రంధ్రం అంచు అరిగిపోయి ఉంది, పై దవడలో ముందు పళ్లుండే ఎముకా తగ్గినట్టుంది. కుష్ఠులో ముఖం ఎముకలకు జరిగేది అదేనని రాత్రే చదివాను. ఇంకేం, "కుష్ఠు" అని రాసి చేతులు కట్టుకుని నిలబడ్డాను. మేడం ఏమీ అనలేదు. దీపం వాలుగా తిప్పి లెన్స్ నా చేతిలో పెట్టారు. అంచు పదునుగా ఉంది, లోపలి గుల్ల తేనెపట్టులా బయటపడి ఉంది. బతికుండగా తరిగిన ఎముకైతే ఆ అంచు మళ్లీ గట్టిపడి గుండ్రబడుతుంది. ఇది పూడ్చాక మట్టీ నీళ్లూ తిన్న ఎముక. వారం రోజులు ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను.

ఎముకకు చేతనైనవి రెండే పనులు: పెరగడం, తరగడం. అన్ని రోగాలూ ఆ రెంటితోనే సరిపెట్టుకోవాలి. వెన్నుపూస తరిగితే టీబీ కావచ్చు, పశువుల నుంచి అంటుకునే బ్రూసెల్లోసిస్ కావచ్చు. కలరా అయితే మనిషిని రోజుల్లో తీసుకుపోతుంది, ఎముక మీద గీత కూడా పడదు. అందుకే ముందు రాయాల్సింది కంటికి కనబడేదే. ఏ ఎముక, ఏ భాగం, అంచు పదునా గుండ్రనా, కొత్తగా పేరుకున్న ఎముక గరుకుగా ఉందా, పాతదానిలో కలిసి నున్నబడిందా, విరిగినచోట రంగేమిటి. మిగతా ఎముక మట్టిరంగులో ఉండి అక్కడొక్కటే తెల్లగా ఉంటే, అది మన తాపీ తగిలిన దెబ్బ! రోగం పేరు చివర రాయండి, పక్కన ఇంకో రెండు మూడు పేర్లు పెట్టి, అవెందుకు కావో కూడా రాయండి. రాజస్థాన్‌లోని బలాథల్‌లో పిడకల బూడిద నిండిన రాతి ఆవరణలో పూడ్చిన మనిషి, సుమారు 4000 ఏళ్ల నాటివాడు, అతనికి కుష్ఠు ఉండేదని 2009లో వ్యాసం వచ్చింది. వెతికి చదవండి, ఆ మాట అనడానికి ఎంత ఓపిక పట్టారో తెలుస్తుంది.

"అక్కా, నాది ఫోరెన్సిక్, నాకిదంతా ఎందుకు" అనేవాళ్లూ ఉన్నారు. ఎందుకా? ప్రాక్టికల్‌కి మనిషికి బదులు పందిని పూడ్చిన గుంత తవ్వేటప్పుడు నువ్వు ఎముకల కోసం ఆత్రపడి గుంత గోడ చెరిపేస్తే, ఆ గోడ మీదున్న పార గుర్తు మళ్లీ రాదు నాయనా. ఏ లోతున మట్టి రంగు మారింది, పాత గుంతను కొత్త గుంత ఎక్కడ కోసింది, అప్పటికప్పుడు రాసుకోవాలి. రేపు కోర్టులో లాయరు "నీకెలా తెలుసు" అంటే నీ జ్ఞాపకం ఎవడికి కావాలి?

సరే, భయపెట్టానేమో. డిసెంబరుకల్లా చాలామందికి కన్ను కుదురుతుంది. నాకు ఫిబ్రవరి పట్టింది, అయినా పాసయ్యాను. పళ్ల దగ్గర మాత్రం బీడీఎస్ వాళ్లు దర్జాగా ఉండొచ్చు. చిన్నతనంలో జబ్బో ఆకలో పడితే ఎనామిల్ మీద మిగిలే అడ్డగీతలు మీరు ఒక్క చూపులో పట్టేస్తారు, ఆర్కియాలజీ వాళ్లు మీ దగ్గరకే వస్తారు. గుంతల దగ్గర మీరు వాళ్ల దగ్గరకు వెళ్లండి, నామోషీ ఏం లేదు.

ఆ తమ్ముడు శుక్రవారం ఇంకో ఫారం తెచ్చి చూపించాడు. ఈసారి పెన్సిలు, పన్నెండు లైన్లు, రోగం పేరు ఎక్కడా లేదు. తొమ్మిదో ఛాతీ పూసను పదోది అని రాశాడు, అంతే.