ఇంట్లో బిగించుకున్న ఏఆర్-15లో భాగాలు వింతగా అరుగుతుంటే కారణం పట్టుకోవడం ఎలా?

విడి భాగాలు కొనుక్కుని ఏఆర్-15 రైఫిల్‌ను ఇంట్లోనే బిగించుకోవడం అమెరికాలో మామూలే. బ్యారెల్ (గొట్టం) ఒక కంపెనీది, బోల్ట్ (తూటా వెనక గొట్టాన్ని మూసే భాగం) ఇంకో కంపెనీది, లోయర్ (ట్రిగ్గర్ ఉండే కింది చట్రం) మరొకరిది. దేనికది కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి, కలిపాకే ఒకదాన్నొకటి ఒరుసుకోవడం మొదలవుతుంది. కొన్ని వందల తూటాలు కాల్చి విప్పి చూస్తే ఎక్కడో ఒక గాడి కనిపిస్తుంది. చాలామంది వెంటనే ఆ అరిగిన ముక్క మార్చేస్తారు. కొత్తదీ అలాగే అరుగుతుంది. అరిగిన భాగం దెబ్బ తిన్నది మాత్రమే, కొట్టింది వేరే భాగం. దాన్ని పట్టుకోవాలి.

ఒక మాట ముందే చెప్పాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకపోతే, తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు గానీ, తమ రాష్ట్ర చట్టం ఏమంటుందో చూసుకోవాలి. ఇండియాలో లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలే.

విప్పే ముందు

మొదట మ్యాగజైన్ తీయండి. ఆ తర్వాతే చార్జింగ్ హ్యాండిల్ లాగి బోల్ట్‌ను వెనక్కి ఆపండి. ఈ వరస తారుమారైతే మ్యాగజైన్‌లోని తూటా మళ్లీ చాంబర్‌లోకి (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు) ఎక్కుతుంది. చాంబర్‌లోకి కంటితో చూడండి, వేలు పెట్టి తడమండి. తూటాలు మీరు పనిచేసే గదిలోనే ఉండకూడదు.

అప్పుడే తుడవకండి. మసి చాలా విషయాలు చెబుతుంది. గ్యాస్ బ్లాక్ (గొట్టంలోని గ్యాస్‌ను కొంత వెనక్కి మళ్లించే ముక్క) బ్యారెల్‌కు కలిసేచోట కాస్త మసి ఉండటం మామూలే. క్యారియర్ (బోల్ట్‌ను మోసే భాగం) మీద ఆ గ్యాస్ వచ్చి చేరే గ్యాస్ కీ మొదట్లో నల్లటి చారలు కనిపిస్తే మాత్రం అక్కడ గ్యాస్ లీకవుతోందని అర్థం. ఆ కీని పట్టే రెండు స్క్రూల చుట్టూ లోహాన్ని గట్టిగా నొక్కి పెట్టి ఉండాలి. ఆ నొక్కులు పైపైన ఉంటే స్క్రూలు మెల్లగా వదులవుతాయి.

మెరుపు వేరు, గాడి వేరు

అల్యూమినియం మీది నల్ల పూత పోయి తెల్లగా మెరుస్తుంటే కంగారు పడకండి. క్యారియర్ జారే దారులు, బఫర్ ట్యూబ్ (వెనక వైపు స్ప్రింగు, బఫర్ అనే బరువు ఉండే గొట్టం) లోపలి అడుగు మొదటి రెండు మూడు వందల తూటాలకే అలా మెరుస్తాయి. లోహం తన చోటు నుంచి జరిగిందా అన్నదే అసలు ప్రశ్న. గోరుతో గీయండి. గోరు ఆగితే గాడి ఉన్నట్టే. చెవులు తుడుచుకునే దూది పుల్లను అంచు వెంట నడిపితే, కంటికి కనపడని ముల్లు కూడా దూది పోగును పట్టేసుకుంటుంది.

గ్యాస్ ఎక్కువైందా?

ఇంట్లో బిగించిన రైఫిళ్లలో వింత అరుగుదలకు ఎక్కువసార్లు కారణం ఇదే. 16 అంగుళాల బ్యారెల్‌కు కార్బైన్ గ్యాస్ (పొట్టి గ్యాస్ ట్యూబ్ అమరిక) పెడితే గ్యాస్ బయటికొచ్చే రంధ్రం చాంబర్ నుంచి సుమారు 7 అంగుళాల దూరంలోనే ఉంటుంది. అక్కడ ఒత్తిడి ఇంకా చాలా ఎక్కువ. పైగా అమ్మే కంపెనీలు ఎంత బలహీనమైన తూటా వేసినా పనిచేయాలని రంధ్రాన్ని కాస్త పెద్దగానే వేస్తాయి. దాంతో కేసు (తూటా పెంకు) ఇంకా చాంబర్ గోడను గట్టిగా పట్టుకుని ఉండగానే బోల్ట్ తిరగడం మొదలుపెడుతుంది.

ఆనవాళ్లు మూడు చోట్ల వెతకండి. ఖాళీ కేసు అంచును ఎక్స్‌ట్రాక్టర్ (కేసును బయటికి లాగే కొక్కెం) చీల్చినట్టు ఉంటుంది. కేసు అడుగున ఎజెక్టర్ (కేసును పక్కకు విసిరే పిన్) రాసుకుపోయిన మరక మెరుస్తుంది. అప్పర్ (పై చట్రం) లోపల ఎడమ గోడ మీద, క్యామ్ పిన్ (బోల్ట్‌ను తిప్పే పిన్) తిరగడానికి కోసిన జాగా దగ్గర, పిన్ తల తవ్విన గాడి కనిపిస్తుంది. అక్కడ చిన్న గాడి అన్ని రైఫిళ్లలోనూ ఉంటుంది. విప్పిన ప్రతిసారీ లోతు పెరుగుతుంటేనే పట్టించుకోవాలి.

కేసులు ఎటు పడుతున్నాయో కూడా చూడండి. గొట్టం చూపే దిక్కు 12 గంటలనుకుంటే, 3 నుంచి 4:30 మధ్య పడటం మంచిది. 1, 2 గంటల వైపు ముందుకు ఎగిరిపడుతుంటే గ్యాస్ ఎక్కువే.

సరిచేయడం స్ప్రింగుతో మొదలుపెట్టండి. కార్బైన్ స్ప్రింగు విడిగా 10 1/16 నుంచి 11 1/4 అంగుళాల మధ్య ఉండాలి. అంతకంటే కురచైతే ముందు అదే మార్చండి. స్ప్రింగు బాగుంటే బఫర్ బరువు పెంచండి. మామూలు కార్బైన్ బఫర్ సుమారు 3 ఔన్సులు, హెచ్ రకం 3.8, హెచ్2 సుమారు 4.6. ఒక్కసారే రెండు మెట్లు ఎక్కొద్దు. మెట్టు ఎక్కిన ప్రతిసారీ రేంజ్‌లో మ్యాగజైన్‌లో ఒక్క తూటానే పెట్టి కాల్చండి. బోల్ట్ వెనక ఆగాలి. మీరు వాడేవాటిలో బలహీనమైన తూటాతో వరసగా ఐదుసార్లు ఆగితే ఆ బరువు సరిపోయినట్టు.

గ్యాస్ ట్యూబ్ వంకర

ట్యూబ్ వెనక కొన ఒక పక్కనే మెరుస్తుంటే అది గ్యాస్ కీలోకి సూటిగా వెళ్లడం లేదు. చార్జింగ్ హ్యాండిల్, బోల్ట్ తీసేసి, వట్టి క్యారియర్‌ను అప్పర్‌లో పెట్టి ముందుకూ వెనక్కీ వాల్చండి. తన బరువుకే జారి చివరి అంగుళంలో కూడా తడబడకుండా దూరాలి. తగిలి ఆగితే బ్యారెల్ నట్ పళ్లు సరిగ్గా కుదరలేదేమో చూడండి. ఆ నట్ బిగింపు 30 నుంచి 80 ఫుట్-పౌండ్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంత వెసులుబాటు ఇచ్చిందే పన్నును ట్యూబ్‌కు ఎదురుగా తెచ్చుకోవడానికి. బిగించేవాళ్లు తొందరలో వదిలేసేదీ ఇదే.

బఫర్ పిన్

బఫర్‌ను ఆపే చిన్న పిన్ తల ఒక పక్క నలిగినా, ట్రిగ్గర్ గుంటలో మెరిసే రజను కనిపించినా ఇక కాల్చకండి. ఆ పిన్ విరిగితే ముక్క నేరుగా ట్రిగ్గర్ మీద పడుతుంది. బఫర్ ట్యూబ్‌ను ఒక చుట్టు తక్కువ బిగించడమే సాధారణంగా కారణం. ట్యూబ్ పెదవి పిన్ అంచును కప్పాలి, కానీ పిన్ కదలికను అడ్డుకోకూడదు. రైఫిల్ మూసి ఉన్నప్పుడు బఫర్‌ను క్యారియర్ ఆపుతుండాలి, ఆ భారం పిన్ మీద ఉండకూడదు. సరిచేశాక క్యాసిల్ నట్‌ను (ట్యూబ్‌ను పట్టే నట్) సుమారు 40 ఫుట్-పౌండ్లకు బిగించి, అది వదులవకుండా లోహాన్ని నొక్కి పెట్టండి.

బోల్ట్

ఇక్కడ తొందర పనికిరాదు. బోల్ట్‌ను బాగా తుడిచి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో ఏడు లగ్గులనూ (బోల్ట్ తల చుట్టూ ఉన్న పళ్లు) ఒక్కొక్కటిగా చూడండి. ఒకటి రెండే మెరుస్తూ మిగతావి నల్లగా ఉంటే భారమంతా ఆ ఒకటి రెండింటి మీదే పడుతోంది. పగుళ్లు ముందు వచ్చేది క్యామ్ పిన్ రంధ్రం దగ్గర, ఎక్స్‌ట్రాక్టర్‌కు అటూ ఇటూ ఉన్న లగ్గుల మొదట్లో. వెంట్రుక మందం పగులు కనిపించినా ఆ బోల్ట్ పారేయాల్సిందే.

బోల్ట్, బ్యారెల్ విడివిడిగా కొన్నారంటే హెడ్‌స్పేస్‌ను (మూసిన బోల్ట్‌కూ చాంబర్‌కూ మధ్య తూటాకు ఉండే జాగా) గేజీలతో కొలవడం తప్పదు. ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్ తీసేసిన బోల్ట్‌ను వేళ్లతో మెల్లగా నెట్టండి, స్ప్రింగుతో విసరకండి. గో గేజీ మీద మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. ఫీల్డ్ గేజీ మీద కూడా మూసుకుంటే ఆ జతతో ఇంకొక్క తూటా కూడా కాల్చొద్దు, గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. కాల్చిన కేసు కూడా ఈ సంగతి ముందే చెబుతుంది. అడుగుకు కొంచెం పైన మెరిసే గీత చుట్టూ ఉంటే, పేపర్ క్లిప్ కొన వంచి లోపల గీయండి. గాడి తగిలితే కేసు అక్కడ తెగడానికి సిద్ధంగా ఉంది.

బోల్ట్ తోక మీది గ్యాస్ రింగుల పరీక్ష తేలిక. బోల్ట్‌ను ముందుకు లాగి, క్యారియర్‌ను బోల్ట్ ముఖం మీద నిలబెట్టండి. తన బరువుకే కిందికి దిగిపోతే మూడు రింగులూ మార్చండి. వాటి సందులు ఒకే వరసలో ఉంటే గ్యాస్ పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

ట్రిగ్గర్

హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) పక్కలు ఒరుసుకుంటుంటే లోయర్ రంధ్రాలు వంకరగా పడ్డాయేమో అనుమానించాలి. ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, హ్యాండిల్ లాగి వదిలి, ట్రిగ్గర్‌ను మెల్లగా వదలండి. స్పష్టంగా టక్కుమనాలి. ఒక్క నొక్కుకు రెండు తూటాలు ఎప్పుడైనా పేలితే అక్కడే ఆపేయండి. ప్రాణానికే కాదు, చట్టం దృష్టిలోనూ అది పెద్ద ప్రమాదం. దీన్ని ఇంట్లో అరగదీసి సరిచేయబోవద్దు.

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒకటే చేయండి. చేశాక అనుమానమున్న చోటును నల్ల మార్కర్‌తో పూసి 20 తూటాలు కాల్చి విప్పండి. రంగు అలాగే ఉంటే రెండు భాగాలు అక్కడ తాకడం మానేశాయి. పాత చోటే చెరిగిపోతే కొట్టే భాగం మీకింకా దొరకలేదు, మళ్లీ మసి దగ్గర్నుంచి మొదలుపెట్టండి.