గడ్డకట్టిన సరస్సు మీద గాలం వేసేముందు

అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో చలికాలం చేపలు పట్టడానికి వెళ్లేవారు థర్మామీటరును కాదు, సరస్సు మీది మంచుగడ్డ రంగును చూడండి. నీలిగా, తేటగా ఉన్న కొత్త గడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉంటేనే నడవాలి. తెల్లగా మసకబారిన గడ్డకు బలం సగమే, కాబట్టి మందం రెట్టింపు ఉండాలి. పైన మంచు పేరుకుంటే ఇంకా అనుమానించాలి. అది దుప్పటిలా చలిని అడ్డుకుంటుంది, గడ్డ త్వరగా మందమెక్కదు.

ఒడ్డున ఒకసారి కొలిచి ధీమా పడితే కుదరదు. గునపంతో ముందు పొడిచి చూస్తూ నడవండి, ప్రతి 150 అడుగులకూ రంధ్రం చేసి కొలవండి. వాగు వచ్చి కలిసే చోట చేపలు ఎన్ని ఉన్నా సరే, అటు పోవద్దు. మెడలో మేకులు బిగించిన పిడుల జత వేలాడదీసుకోండి. నీళ్లలో పడితే, వాటిని గడ్డలోకి గుచ్చి పాకుతూ పైకి రావచ్చు.