అటామ్ నెట్‌బుక్‌లో తేలికపాటి లినక్స్ ఇన్‌స్టాల్ చేసే విధానం

2008 ప్రాంతంలో కొన్న తొమ్మిది, పది అంగుళాల నెట్‌బుక్‌లు (చిన్న ల్యాప్‌టాప్‌లు) ఎన్నో ఇళ్లలో బీరువా పాలయ్యాయి. చార్జర్ పనిచేస్తూ, తెర వెలుగుతున్నట్లయితే వాటిని పారవేయనవసరం లేదు. ఉత్తరాలు రాసుకోవడానికి, పీడీఎఫ్ పుస్తకాలు చదువుకోవడానికి, పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి తేలికపాటి లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుంటే అవి ఇప్పటికీ సరిపోతాయి.

ముందుగా చూడవలసింది ప్రాసెసర్. ఆనాటి ఏసర్ ఆస్పైర్ వన్ వంటి యంత్రాల్లో ఎక్కువగా కనిపించే ఇంటెల్ అటామ్ ఎన్270 కేవలం 32 బిట్ ప్రాసెసర్ కాబట్టి, 64 బిట్ లినక్స్‌ను ఎన్నిసార్లు ప్రయత్నించినా అది బూట్ కాదు (మొదలవదు). నేను మొదటిసారి ఈ సంగతి గమనించక, పెన్‌డ్రైవ్ పాడైందనుకొని ఒక సాయంత్రమంతా దాన్నే మళ్లీ మళ్లీ సిద్ధం చేశాను. 2010లో వచ్చిన ఎన్450కి ఈ ఇబ్బంది లేదు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ కూడా 2025లో విడుదలైన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్‌ను ఇవ్వడం మానేసింది. అందుచేత డెబియన్ 12 ఆధారంగా తయారైన యాంటిక్స్ 23 అనే లినక్స్ యొక్క 32 బిట్ ఐఎస్ఓను (ఇన్‌స్టాల్ చేసే ఫైలును) ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. ఐస్‌డబ్ల్యూఎం వంటి చిన్న విండో మేనేజర్‌తో (తెరపై కిటికీలను చూపే ప్రోగ్రాముతో) నడుస్తుంది కనుక, డెస్క్‌టాప్ తెరుచుకున్నాక కూడా 1 జీబీ ర్యామ్‌లో సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది.

పాత ఫైళ్లను వేరే చోట దాచుకొని, ఐఎస్ఓ చెక్‌సమ్ (ఫైలు చెడకుండా దిగిందో లేదో తెలిపే సంకేతం) సరిచూసి, మరో కంప్యూటర్‌లో ఎచర్ లేదా రూఫస్ అనే ప్రోగ్రాము సాయంతో 4 జీబీ పెన్‌డ్రైవ్‌పై రాయండి. ఏసర్‌లో ఎఫ్12, ఆసుస్ ఈపీసీలో ఎస్కేప్ మీట నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఏసర్‌లో అది రాకపోతే ఎఫ్2 ద్వారా బయాస్‌లోకి (యంత్రపు మూల సెట్టింగులలోకి) వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాలి.

వెంటనే ఇన్‌స్టాల్ చేయకండి. లైవ్‌గా (పెన్‌డ్రైవ్ నుంచే) నడిపి వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, తెర వెలుతురు పరీక్షించండి. ఇక్కడ వైఫై దొరికితే ఇన్‌స్టాల్ చేశాక కూడా దాదాపు ఖాయంగా దొరుకుతుంది.

ఇన్‌స్టాలర్ తెరిచినప్పుడు కొత్తవారు ఆగిపోయే చోటు ఒకటుంది. తెర ఎత్తు 600 పిక్సెళ్లే కావడంతో కిటికీ అడుగుభాగం కిందికి జారిపోయి, ‘నెక్స్ట్’ బటన్ కనిపించకపోవచ్చు. ఆల్ట్ మీట పట్టుకొని, కిటికీ మధ్యలో మౌస్ ఎడమ బటన్ నొక్కి పైకి లాగితే అది బయటపడుతుంది. డిస్క్‌ను ఎంచుకునేటప్పుడు పేరును కాక పరిమాణాన్ని చూడండి: 160 జీబీ ఉన్నది హార్డ్ డిస్క్, 4 జీబీ ఉన్నది పెన్‌డ్రైవ్. లినక్స్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ గ్రబ్‌ను కూడా హార్డ్ డిస్క్ ఎంబీఆర్‌లోనే (డిస్క్ మొదటి భాగంలోనే) పెట్టాలి. పెన్‌డ్రైవ్‌పై పెడితే దాన్ని తీసిన మరుక్షణం యంత్రం లేవదు. 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) తప్పక ఉంచండి.

మొదటి అప్‌డేట్ పూర్తయ్యాక, ప్రోగ్రాములు చేర్చే సినాప్టిక్ నుంచి లోహిత్ తెలుగు ఫాంటును, టైపింగ్‌కు ఉపయోగపడే ఐబస్ ఎం17ఎన్‌ను చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో గాని, ఆర్‌టీఎస్‌లో (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో) గాని తెలుగు టైప్ చేయవచ్చు. బ్రౌజర్‌లో ఒకేసారి రెండు మూడు ట్యాబ్‌లకు మించి తెరవకండి.