మనోవర్తి బాకీ వసూలు పిటిషన్ – 4వ పాఠం: స్టేషన్ కాగితం ఉత్తర్వు కాదు

భర్త ఇవ్వాల్సిన మనోవర్తి (పోషణ ఖర్చు) ఏ నెలది ఎంత రాలేదో చూపే బాకీ పట్టిక పోయినసారి వేయమన్నాను. మీరు పంపినవి చదివాక ఈ వారం పాఠమే మార్చాల్సి వచ్చింది. చాలామంది కోర్టు ‘ఉత్తర్వు తేదీ’ గడిలో పోలీస్ స్టేషన్‌లో రాజీ అయిన తేదీ వేశారు.

ఎస్సై ముందు, పెద్దమనుషుల సంతకాలతో, స్టాంపు పేపరు మీద రాసుకున్నా అది ఉత్తర్వు కాదు. పోలీసులు ఫిర్యాదు తీసుకోవచ్చు, కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు. నెలకు ఎంత ఇవ్వాలో తేల్చే అధికారం మాత్రం వాళ్ళకు లేదు. అది మేజిస్ట్రేటుది, ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట ఆ కోర్టుది. ముందు కోర్టు ఇద్దరి మాటా విని తేల్చాలి. ఆ తర్వాతే పోలీసు వారెంట్ పట్టుకుని గడప తొక్కాలి. ఇంటి గొడవలో ప్రభుత్వం చెయ్యి పెట్టాల్సిన వరస ఇదే. ఇది తలకిందులైతే బలమున్నవాడి మాటే చెల్లుతుంది.

ఒకావిడ తెచ్చిన కాగితంలో ‘నెలకు 3,000 చాలు, ఇక కోర్టుకు వెళ్ళను’ అని ఉంది. సంతకంలో చివరి అక్షరం వణికి గీత దాటింది. మనోవర్తి హక్కు వదులుకున్నట్టు రాయించిన ఇలాంటి ఒప్పందాలను ప్రజాహితానికి విరుద్ధమని కోర్టులు పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. కాబట్టి ఆ వాక్యం చూసి ఆగిపోకండి. మీ దగ్గర స్టేషన్ కాగితమే ఉంటే మొదటి పాఠంలోని, మనోవర్తి ఇప్పించమని కోర్టును అడిగే పిటిషన్ వేసి, దీని నకలు జతచేయండి. ఇస్తానని భర్త ఒప్పుకున్నట్టు చూపించడానికి పనికొస్తుంది.

ఉత్తర్వు ఉన్నవాళ్ళు ఇక్కడ జాగ్రత్త. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ కింద (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీ 125) బాకీ వసూలుకు వారెంట్ కావాలంటే, ఏ నెల బాకీకైనా అది పడిన రోజు నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. ఏడాది లెక్క ఉత్తర్వు తేదీ నుంచి కాదు, నెలనెలకూ విడిగా. ఉదాహరణకు 2024 ఆగస్టు నుంచి ప్రతి 5వ తేదీకి 8,000 రావాలి, ఒక్కసారీ రాలేదు. మీరు 2025 నవంబరు 10న వేశారు. 2024 ఆగస్టు నుంచి 2024 నవంబరు దాకా నాలుగు నెలలకు, అంటే 32,000కు, ఈ దారి మూసుకుపోయింది. మిగిలిన 12 నెలల 96,000కే వారెంట్. ‘ఇస్తాడులే’ అని ఎదురుచూసే ప్రతి నెలా మీ పిల్లల డబ్బే పోతోంది.

అభ్యాసం: పాస్‌బుక్ ముందు పెట్టుకుని పట్టిక మళ్ళీ వేయండి. నెలకో వరుస, సగం ఇచ్చిన నెలలో మిగిలినదే బాకీ. నేనైతే ఎక్సెల్ వద్దంటాను, చేత్తో రాస్తే తప్పు కంటికి కనబడుతుంది. లాయరు కావాలంటే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా ఇస్తుంది.