హరికేన్‌లో బతికి బయటపడ్డోళ్ల మీద డాక్యుమెంటరీ ఎలా తీయాలి

హరికేన్ డాక్యుమెంటరీ అనగానే శాటిలైట్ బొమ్మలో తిరిగే తెల్లటి సుడి, వానలో ఊగిపోతూ మాట్లాడే రిపోర్టర్, ఇవే గుర్తొస్తాయి, అవన్నీ టీవీలో చూసి చూసి ఉన్నాం కదా. మామూలు జనం కథ కావాలంటే ఒక వీధి పట్టుకోండి, మూడు నాలుగు ఇళ్లు చాలు. 2005లో అమెరికాలో వచ్చిన కత్రినా హరికేన్‌నే తీసుకుందాం, న్యూ ఆర్లీన్స్ ఊళ్లో లోయర్ నైన్త్ వార్డ్ అనే పేట.

ముందు ఏ రోజు ఏం జరిగిందో రాసుకోండి. ఆగస్టు 28 ఆదివారం పొద్దున ఊరు ఖాళీ చేయాల్సిందేనని మేయర్ ఆర్డర్ ఇచ్చాడు, 29 పొద్దున్నే తుఫాను తీరం దాటింది. కానీ ఊరిని ముంచింది ప్రధానంగా గాలీవానా కాదండి, ఇండస్ట్రియల్ కెనాల్, 17వ స్ట్రీట్ కెనాల్, లండన్ అవెన్యూ కెనాల్ అనే కాలువలకి మనుషులు కట్టిన గోడలు తెగి వచ్చిన నీళ్లు, దాదాపు 80 శాతం ఊరు మునిగింది. ఎడిటింగ్‌లో ఈ తేడా పోయిందంటే మీ సినిమా కూడా ప్రకృతి కన్నెర్ర చేసింది అనే పాత పాటే పాడుతుంది.

ఇంటర్వ్యూలో "ఎందుకు వెళ్లిపోలేదు" అని అస్సలు అడగొద్దు, తప్పు వాళ్లదే అన్నట్టు వినపడుతుంది. "ఆదివారం పొద్దున్నుంచి ఏం చేశారు" అనండి చాలు, కారు లేకపోవడం, నెలాఖరు కాబట్టి చేతిలో డబ్బుల్లేకపోవడం, మంచం మీదున్న పెద్దాయన, అన్నీ వాటంతట అవే వస్తాయి. "ఎలా అనిపించింది" కూడా వద్దు. నీళ్లు ముందు ఏ గదిలోకొచ్చాయి, అటక మీదకి ఎవరు ముందెక్కారు, ఏం చప్పుళ్లు వినపడ్డాయి, ఇలా అడగండి. 1965లో బెట్సీ హరికేన్ చూసిన పాతకాపులు కొందరు అటక మీద గొడ్డలి పెట్టుకునేవాళ్లు, కప్పు పగలగొట్టుకుని బయటపడటానికి. ఆ గొడ్డలి గురించి ఒక్క ప్రశ్న వేస్తే నలభై ఏళ్ల చరిత్ర బయటికొస్తుంది.

ఇంటి గోడల్ని తీరిగ్గా షూట్ చేయండి. నీళ్లు నిలిచినంత మేర గోధుమరంగు గీత ఉంటుంది, తలుపు పక్కన వెతికే టీమ్‌లు స్ప్రేతో వేసిన పెద్ద ఇంటూ మార్కు ఉంటుంది, దాని పైన తేదీ, ఎడమవైపు టీమ్ పేరు, కుడివైపు లోపలున్న ప్రమాదాలు, కింద దొరికిన మనుషుల లెక్క. కింద సున్నా ఉన్న ఇల్లు, ఒకటి ఉన్న ఇల్లు పక్కపక్కనే కనిపిస్తే ఇక వాయిస్ ఓవర్ దేనికి, కెమెరా అలాగే ఉంచేయండి.

వాళ్లే హ్యాండీక్యామ్‌తో తీసుకున్న టేపులు దొరికితే అదే మీ సినిమాకి ప్రాణం. ఊగుతోందని స్టెబిలైజ్ చేయొద్దు, ఊపిరి చప్పుడు కట్ చేయొద్దు. రైట్స్ మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి, డబ్బులివ్వండి, పేరు వేయండి, ఫ్రేమ్‌లో పడ్డ పొరుగువాళ్లని కూడా అడగండి.

పాత న్యూస్ క్లిప్పులతో జాగ్రత్త. జనం తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియంలో హత్యలు, అత్యాచారాలు అంటూ అప్పుడు గోలగోలగా చెప్పినవాటిలో చాలావాటికి తర్వాత ఆధారాలే దొరకలేదు, ఆ ఆడియో అలాగే వాడితే ఆ జనానికి రెండోసారి అన్యాయం చేసినట్టే. మృతుల సంఖ్య కూడా అంతే, ఏళ్ల తరబడి 1,833 అన్నారు, నేషనల్ హరికేన్ సెంటర్ 2023లో దాన్ని 1,392కి సవరించింది, ఏది వాడారో స్క్రీన్ మీద చెప్పేయండి.

రఫ్ కట్, అంటే సినిమా మొదటి కూర్పు, అయ్యాక ముందు ఆ వీధివాళ్లకే చూపించండి. ఎవరైనా తమ షాట్ తీసేయమంటే తీసేయండి, సంతకం పెట్టారు కదా అని వాదనకి దిగొద్దు.