క్లబ్బు సమావేశాలకు వక్తలను ఆహ్వానించే పద్ధతి
సభ్యులు ప్రతి సమావేశానికీ ఆసక్తితో రావాలంటే ప్రసంగాల పట్టికను కనీసం ఆరు నెలల ముందే సిద్ధం చేసుకోవాలి. ఒక నెల ఆరోగ్యం గురించి విన్నవారికి మరుసటి నెల పక్షుల గురించో, పాత నాణేల గురించో వినే అవకాశం కలిగేలా అంశాలను మారుస్తూ పోవాలి. పేరున్న వక్తే కావాలన్న పట్టుదల అక్కర్లేదు. జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి తన పనిముట్లను బల్లమీద పరచి, విప్పిన గడియారంలోని చక్రాలను ఒక్కొక్కటిగా చూపిస్తూ మాట్లాడితే హాలంతా చెవులు రిక్కించి వింటుంది.

ఆహ్వాన లేఖలో తేదీ, వేళ, వేదిక, శ్రోతల సంఖ్య, ప్రసంగానికి కేటాయించిన సమయంతోపాటు ప్రయాణ ఖర్చులను ఎవరు భరిస్తారన్నదీ స్పష్టంగా రాయాలి. మొహమాటపడి డబ్బు సంగతి దాటవేస్తే తరువాత ఇరుపక్షాలకూ ఇబ్బందే. ప్రసంగానికి 40 నిమిషాలు, ప్రశ్నలకు 15 నిమిషాలు సాధారణంగా సరిపోతాయి. వారం ముందు ఫోన్ చేసి మరోసారి ఖాయం చేసుకోవాలి. అనుకోకుండా వక్త రాలేకపోతే మాట్లాడేందుకు సభ్యులలో ఒకరిని ముందే ఒప్పించి ఉంచాలి.

మైకును, ప్రొజెక్టరును వక్త రాకముందే పరీక్షించాలి. పరిచయం రెండు నిమిషాలు దాటకూడదు (పరిచయకర్తే అసలు వక్త అయిపోయే సభలు మనకు కొత్త కాదు). వెనుక వరుసలకు వినిపించని ప్రశ్నను అధ్యక్షుడు మైకులో మళ్లీ చెప్పాలి. రెండు రోజుల్లో కృతజ్ఞతా లేఖ పంపుతూ, తగిన మరో వక్తను సూచించమని కోరవచ్చు.