బరువెక్కువున్న పిల్లలకు టాన్సిల్స్ ఆపరేషన్: నొప్పి మందుల విషయంలో జాగ్రత్తలు

వేసవి సెలవుల్లో పిల్లలకు టాన్సిల్స్ ఆపరేషన్ చేయించాలనుకునే తల్లిదండ్రులు, బిడ్డ బరువు వయసుకు మించి ఉన్నట్లయితే, ఇంటికి వచ్చాక వాడవలసిన నొప్పి మందుల గురించి ముందుగానే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

పిల్లల మందును కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కకట్టి ఇస్తారు. పారాసిటమాల్ అయితే సాధారణంగా ఒక మోతాదుకు కిలోకు 15 మి.గ్రా. వరకు ఇస్తారు. ఒంట్లో కొవ్వు పెరిగినంతగా ఆ మందును విరిచే కాలేయపు శక్తి పెరగదు, పైగా పారాసిటమాల్ కొవ్వులోకి అంతగా చేరదు. 140 సెం.మీ. ఎత్తు, 60 కిలోల బరువున్న పదేళ్ల పిల్లవాడికి తూకం ప్రకారం 900 మి.గ్రా. వస్తే, ఆ ఎత్తుకు తగిన సుమారు 32 కిలోల బరువు ప్రకారం 480 మి.గ్రా. మాత్రమే వస్తుంది. రోజుకు నాలుగుసార్లు చొప్పున కొన్ని రోజులు వాడే మందులో ఈ తేడా చిన్నది కాదు, ఇలాంటి పిల్లల్లో కొందరికి కాలేయంలో కొవ్వు కూడా ఉంటుంది. కాబట్టి బరువుతో పాటు ఎత్తు కూడా కొలిపించి, ఏ బరువును లెక్కలోకి తీసుకున్నారో డాక్టరును అడగండి. అలాగని భయపడి సొంతంగా మోతాదు తగ్గించకూడదు. నొప్పి తగ్గని బిడ్డ నీళ్లు మింగడం మానేస్తే ఒంట్లో నీరు తగ్గి ఇంకో ఇబ్బంది మొదలవుతుంది.

కోడీన్, ట్రమడాల్ అనే నొప్పి మందుల ప్రమాదం ఇంతకంటే పెద్దది. కొందరి శరీరం వీటిని చాలా వేగంగా, మరింత బలమైన పదార్థాలుగా మారుస్తుంది, అప్పుడు శ్వాస మందగిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో ఈ రెండింటినీ 12 ఏళ్లలోపు వారికి వాడకూడదని చెప్పింది. 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఊబకాయం గానీ, నిద్రలో శ్వాస ఆగే జబ్బు గానీ ఉన్నవారి విషయంలోనూ హెచ్చరించింది. టాన్సిల్స్ తీసిన తరువాతైతే 18 ఏళ్లలోపు ఎవరికీ ఇవ్వకూడదు. బిడ్డ గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్లు అనిపిస్తుంటే, ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కూ మత్తు డాక్టరుకూ తప్పక చెప్పండి.

సిరప్ సీసా మీద 5 మి.లీ.కి 125 మి.గ్రా. అని ఉందో 250 అని ఉందో చూసి, ఇంట్లోని చెంచాతో కాక కొలత కప్పుతో పోయండి. జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వాడకండి. ఆస్పిరిన్ ఇవ్వకండి; నిమెసులైడ్ అనే నొప్పి, జ్వరం మందును మన దేశంలో 12 ఏళ్లలోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు.

ఇంటికి వచ్చిన మొదటి రాత్రులు బిడ్డ పక్కనే పడుకోండి. లేపినా సరిగా లేవకపోయినా, ఊపిరి మందగించినా, పెదవులు నీలంగా మారినా, గొంతు నుంచి రక్తం వచ్చినా, తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.